సందులు లెక్కబెట్టినంకనే సూత్రం

పదో తరగతిలో శ్రేఢుల పాఠం మొదలుపెట్టిన రోజు మా బడిలో ఏటా ఒకటే నవ్వు. బోర్డు మీద 'ఏపీ' అని రాయంగనే "మేడం, మనది తెలంగాణ కదా" అని వెనక బెంచీలో ఒక గొంతు లేస్తది. దాని కింద 'జీపీ' అని రాస్తే "గ్రామ పంచాయతి" అని ఇంకోడు అందుకుంటడు. శ్రేఢి అంటె ఒక లెక్క ప్రకారం నడిచే సంఖ్యల వరుస. ప్రతిసారీ ఒకటే సంఖ్య కలుపుకుంట పోతే అంకశ్రేఢి, అదే ఏపీ. ఒకటే సంఖ్యతోని గుణించుకుంట పోతే గుణశ్రేఢి, అదే జీపీ. ఇంగ్లిష్ మీడియం వచ్చినంక ఈ తెలుగు మాటలు పుస్తకంలోనే ఉండిపోయినయి. పిల్లల నోట్లో ఏపీ, జీపీలే. నాకేం పట్టింపు లేదు. మధ్యాహ్నం అన్నం తిని మగతగా కూసున్న క్లాసు ఆ నవ్వుతోని మేలుకుంటది, అది చాలు.

పరకాల రోడ్డు మీదున్న ఒక ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్త. ఇల్లు హన్మకొండ, రోజూ బస్సు. పరీక్షలు దగ్గర పడ్డప్పుడు బడి అయిపోయినంక పదో తరగతికి స్టడీ అవర్ ఉంటది. ఆ గంటలో పిల్లలతోని ప్రాక్టీసు చేయించీ చేయించీ శ్రేఢుల మీద నాకో గట్టి అభిప్రాయం ఏర్పడ్డది. ఒప్పుకోని తోటి టీచర్లు ఉన్నరు, వాళ్ళ సంగతి కూడా చెప్త. ఈ పాఠంలో పిల్లలు మార్కులు పోగొట్టుకునేది సూత్రం రాక కాదు. ఎన్‌వ పదం సూత్రం, ఎ + (ఎన్ − 1)డి, నిద్రలో లేపినా చెప్తరు. వరుసలో మొదటి పదం ఎ, పదానికి పదానికి నడుమ తేడా, అంటె పదాంతరం, డి, ఎన్నో పదం కావాలో అది ఎన్. వాళ్ళు పోగొట్టుకునేది లెక్కబెట్టే కాడ. ఒకటి, రెండు, మూడు అని లెక్కబెట్టే కాడ.

నమ్మకపోతే మీ ఇంట్లో పదో తరగతి పిల్లనో పిల్లగాన్నో ఇది అడిగి చూడండి: 7తో శేషం లేకుండా పోయే మూడంకెల సంఖ్యలు ఎన్ని? మొదటిది 105, ఆఖరుది 994. తేడా 889. దాన్ని 7తో భాగిస్తే 127. సగం క్లాసు ఇక్కడికొచ్చి పెన్ను మూత పెట్టేస్తది. జవాబు 128. 105 నుంచి 994 దాకా 127 దూకుళ్ళు ఉన్నయి, కాని నిలబడ్డ జాగలు 128. సూత్రంలో ఆ 'ఎన్ − 1' ఉన్నది ఇందుకే. పదాలు ఎన్నో దానికంటె సందులు ఒకటి తక్కువ. ఎన్‌వ పదానికి చేరాలంటే మొదటి పదం మీద ఎన్ − 1 సార్లు పదాంతరం కలపాలె. ఈ ఒక్క ముక్క అర్థమైన పిల్లకు సూత్రం బట్టీ పట్టే పని లేదు. అర్థం కాని పిల్లకు బట్టీ పట్టినా పని లేదు.

దీన్ని బోర్డు మీద చెప్తే ఎక్కదు. వరండాలో చాక్‌పీసుతోని గీతలు గీసి దూకమంటే కొంత ఎక్కుతది. అసలు ఎక్కింది మాత్రం పత్తి సాళ్ళ లెక్కతోని. మా పిల్లల్లో చానామంది పత్తి పండించే ఇండ్ల నుంచి వస్తరు. అందుకని ఒకసారి ఇట్ల అడిగిన: "45 మీటర్ల వెడల్పు చెల్క. సాలుకు సాలుకు నడుమ 90 సెంటీమీటర్లు. ఎన్ని సాళ్ళు పడ్తయి?"

చానామంది 50 అన్నరు. ఇద్దరు ముగ్గురు, అప్పటికే 128 దెబ్బ తిన్నవాళ్ళు, 51 అన్నరు. నేను ఇగ మెచ్చుకుందామని నోరు తెరిచే లోపట కిటికీ పక్కన కూసున్నోడు లేచిండు. "మేడం, ఒడ్డు మీద ఎవలన్న పత్తి పెడ్తరా? ఈ పక్క, ఆ పక్క జాగ ఇడుస్తరు కదా. గొర్రు ఎట్ల మలుగుతది మరి?"

క్లాసంతా వాని దిక్కు తిరిగింది. వాడు చెప్పింది నిజం. ఒడ్డుల మీద సాలు వేయకుంటె 49 సాళ్ళే పడ్తయి. ఒక ఒడ్డు మీద వేసి ఇంకో ఒడ్డు ఇడిస్తే 50. రెండొడ్ల మీదా వేస్తే 51. ఒడ్డు పక్క ఇడిచిన జాగ కూడా సందుగ లెక్కేస్తే, సందులు మాత్రం మూడిట్లో 50కి 50 కదలవు. నేను 51 ఒక్కటే చెప్పి ముగిద్దామనుకున్న లెక్కలో మూడు జవాబులు ఉన్నయి. ఆ రోజు పాఠం అక్కడే ఆపి మిగతా గంటంతా దీనిమీదనే నడిపించిన. 10 నుంచి 50 వరకు ఎన్ని సంఖ్యలు? 41. 10కీ 50కీ నడుమ? 39. పదకొండో తారీకు పొద్దుగాల నుంచి ఇరవయ్యో తారీకు రాత్రి దాకా ఎన్ని రోజులు? ఎన్ని రాత్రులు? పిల్లలు కొట్లాడుకున్నరు. లెక్కల క్లాసులో కొట్లాట కంటె మంచి చప్పుడు లేదు.

అప్పటి నుంచి స్టడీ అవర్‌లో నా పద్ధతి ఒకటే. లెక్క చూడంగనే సూత్రం రాయొద్దు. మొదలు నాలుగైదు పదాలు రాయాలె, ఆఖరుది రాయాలె, నడుమ చుక్కలు పెట్టాలె, సందు ఎంతో కింద రాయాలె. ఇట్ల రాస్తే సగం తప్పులు వాటంతటవే కనబడతయి. 21, 18, 15 అన్న వరుసలో −81 ఎన్నో పదం అని అడిగితే, పదాంతరం 3 అని రాసేవాళ్ళు ప్రతి క్లాసులో ఉంటరు. పెద్దదాంట్లకెళ్ళి చిన్నది తీసెయ్యాలె అని ఒకటో తరగతిలో నేర్చుకున్నది ఇంకా పోదు. వరుస కండ్ల ముందు దిగుతుంటే మాత్రం మైనస్ మరిచిపోరు. 21 నుంచి −81కి 102 దిగాలె, మూడు చొప్పున 34 దిగుళ్ళు, అంటే 35వ పదం.

సందులతోనే సగం పుస్తకం అయిపోతది. నాలుగో పదం 19, తొమ్మిదో పదం 54, ఇరవయ్యో పదం ఎంత? గైడు ఏం చేస్తదంటే రెండు సమీకరణాలు రాస్తది, ఒకదాంట్లకెళ్ళి ఒకటి తీసేస్తది, డి కనుక్కుంటది, మళ్ళ ఎ కనుక్కుంటది, అప్పుడు ఇరవయ్యో పదానికి పోతది. పేజీ నిండుతది. సందులతోని చూడండి: నాలుగు నుంచి తొమ్మిదికి అయిదు సందులు, పెరిగింది 35, సందుకు 7. తొమ్మిది నుంచి ఇరవైకి పదకొండు సందులు, 77. 54కు 77 కలిపితే 131. అయిపోయింది. మొదటి పదం ఎంతో మనకు అక్కరే లేదు. కావాలంటె నాలుగో పదం నుంచి వెనకకు మూడు సందులు దిగితే −2.

ఇక్కడనే నాతోని ఒప్పుకోని సారు ఒకాయన ఉన్నరు. "మేడం, పేపరు దిద్దేటాయన స్టెప్పులు చూస్తడు. సందులని రాస్తే మార్కులెట్ల వేస్తడు?" అంటరు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు, స్టెప్పులకు మార్కులున్నయి. అందుకే పిల్లలకు చెప్త: జవాబు పత్రంలో సమీకరణాలే రాయండి, రఫ్‌లో మాత్రం సందులు లెక్కబెట్టండి. రెండు జవాబులు ఒకటైతే ముందుకు పోండి. కాకపోతే ఎక్కడ జారిందో రఫ్ చెప్తది. ఆ సారు ఇది కూడా ఒప్పుకోలే, టైం వేస్టు అన్నరు. సరే, ఎవరి క్లాసు వాళ్ళది.

మొత్తాల సంగతికొస్తే, జర్మనీ లెక్కల పండితుడు గౌస్ చిన్నప్పుడు 1 నుంచి 100 దాకా చిటికెలో కూడి 5050 అన్న కథ ప్రతి గైడులో ఉంటది, పిల్లలకు నాకంటె బాగ తెలుసు. నేను ఆర్యభటుని కాడ మొదలుపెడ్త. గౌస్ పుట్టింది 1777లో. ఆర్యభటీయం 499 నాటిది. దాంట్లో లెక్కల భాగమైన గణితపాదంలో శ్రేఢి మొత్తానికి రెండు దారులు ఒకే శ్లోకంలో ఉన్నయి. మొదటిది, నడిమి పదం విలువ పట్టుకొని దాన్ని పదాల సంఖ్యతోని గుణించడం. రెండోది 'ఆద్యంతం పదార్ధహతం', అంటే మొదటిదీ ఆఖరుదీ కూడి పదాల సగంతోని గుణించడం. బడిలో మనకు రెండోదే చెప్తరు. నాకు మొదటిదే ఇష్టం. పదకొండు పదాలున్న అంకశ్రేఢిలో ఆరో పదం 20 అంటే, మొత్తం 220. ఎ ఎంత, డి ఎంత అని ఎవరూ అడగొద్దు. అటు ఎంత పెరిగితే ఇటు అంత తరుగుతది, అందరికీ సగటు 20. బిట్ పేపర్లో ఇసొంటి ప్రశ్న వస్తే సూత్రం వేసుకొని కూసున్న పిల్ల రెండు నిమిషాలు పోగొట్టుకుంటది.

మొత్తాల్లో నాకు అన్నిటికంటె నచ్చిన లెక్క ఒకటున్నది. 24, 21, 18 అని దిగే వరుస. ఎన్ని పదాలు కూడితే 78? సూత్రంలో వేస్తే వర్గ సమీకరణం వస్తది, ఎన్ విలువలు రెండు: 4, 13. రెండు జవాబులు రాంగనే పిల్లలకు చెయ్యి వణుకుతది. ఒకటి కొట్టెయ్యాలె అనుకుంటరు. ఎందుకంటె వర్గ సమీకరణాల పాఠంలో పొడవు మైనస్ వస్తే కొట్టేసి అలవాటు. ఇక్కడ దేన్ని కొట్టెయ్యాలె? చానామంది 13ను కొట్టేస్తరు. కారణం అడిగితే "పెద్దగున్నది మేడం".

పదాలు రాయండి అంట. 24, 21, 18, 15. కూడితే 78. ఇగ ముందుకు పోండి: 12, 9, 6, 3, 0, −3, −6, −9, −12. అయిదో పదం నుంచి పదమూడో పదం దాకా కూడితే సున్న! పన్నెండు పోసిండు, పన్నెండు తీసిండు. అందుకే నాలుగు కాడ 78, పదమూడు కాడ మళ్ళ 78. రెండూ నిజమే. నడుమ మొత్తం పెరిగి పెరిగి 108కి ఎక్కి, మళ్ళ దిగుతది. ఎనిమిది పదాలకూ 108, తొమ్మిది పదాలకూ 108, తొమ్మిదోది సున్న కనుక. ఈ లెక్క సూత్రంతోనే చేసిన పిల్లకు ఇదంతా కనబడదు, 4, 13 అని రాసి పక్క లెక్కకు పోతది. మొత్తం తెలిస్తే పదాలెన్నో కనుక్కునే పద్ధతి కూడా ఆర్యభటుడు ఆ పక్క శ్లోకంలోనే చెప్పిండు. మనం కొత్తగ కనిపెట్టిందేం లేదు.

ఇగ బతుకమ్మ. దసరా సెలవుల ముందు ఈ పాఠం పడితే బతుకమ్మ లెక్క ఇయ్యని లెక్కల టీచరు మా దిక్కు ఉండరు. కింది వరుసలో 60 పూలు, పైకి పోయినకొద్దీ వరుసకు నాలుగు తగ్గుతయి, పై వరుసలో 8, మొత్తం ఎన్ని పూలు? 14 వరుసలు, 476 పూలు. నేనూ ఏండ్ల తరబడి ఇచ్చిన లెక్కే. అయితే ఇది ఉత్తగ లెక్క కోసం కల్పించిన ముచ్చటేనా, నిజంగ బతుకమ్మలో పూలు ఒక తీరుగ తగ్గుతయా అన్న అనుమానం ఎప్పటి నుంచో ఉండె.

ఒక సద్దుల నాడు మా అమ్మ పేరుస్తుంటే పక్కన కూసోని చూసిన. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు ఒక వరుస, రంగు అద్దిన గునుగు ఒక వరుస, నడుమ బంతి. ప్రతి వరుసా కింది దానికంటె రెండేళ్ళ మందం లోపటికి జరుపుతున్నది. కొలత లేదు, చెయ్యే కొలత. "ఒక వరుస ఎక్కువ జరిపినవనుకో, నడుము పడతది బిడ్డా. తక్కువ జరిపితే బొజ్జ వస్తది" అన్నది. నాకు అక్కడ తెగింది. ఆమె ప్రతి వరుసకూ వ్యాసార్ధం ఒకే లెక్కన తగ్గిస్తున్నది. వ్యాసార్ధం 2 సెంటీమీటర్లు తగ్గితే చుట్టుకొలత 12.57 సెంటీమీటర్లు తగ్గుతది. కింద వ్యాసార్ధం 29 ఉన్నా, పైన 7 ఉన్నా, తగ్గేది మాత్రం అంతే. పువ్వు వెడల్పు 3 సెంటీమీటర్లనుకుంటె వరుసకు సుమారు నాలుగు పూలు తగ్గుతయి. అంటే బతుకమ్మ అంచు నిట్టగా, ఒంపు లేకుండ గోపురం లెక్క ఎక్కిందంటె చుట్టుకొలతలు అంకశ్రేఢిలో ఉన్నట్టే. బొజ్జ వచ్చిందంటె శ్రేఢి తప్పినట్టే.

ఇది క్లాసులో చెప్పి కొంచెం గర్వంగ నిలబడ్డ. ముందు బెంచీ పిల్ల చెయ్యి లేపింది. "మేడం, గునుగు సన్నగ ఉంటది, బంతి దొడ్డుగ ఉంటది కదా. పూలు ఎట్ల నాలుగే తగ్గుతయి?" ఆ పిల్ల మాట నిజమే. వరుసకో పువ్వు మారితే చుట్టుకొలత శ్రేఢిలో ఉంటది, పూల లెక్క ఉండదు. ఇప్పుడు నేను ఆ లెక్క ఇచ్చినప్పుడు "అన్నీ ఒకే సైజు పూలే అనుకోండి" అని ఒక వాక్యం కలుపుత.

గుణశ్రేఢికి వస్తే మొదటి చిక్కు గుర్తుపట్టుడు. 4, 12 అని రెండు పదాలిచ్చి మూడోది ఏందంటె 36 అనొచ్చు, 20 కూడా అనొచ్చు. రెండు పదాలతోని ఏదీ తేలదు, కనీసం మూడు చూడాలె. నేను ఇచ్చే వరుసల్లో ఏ శ్రేఢీ కానివి కూడా కలుపుత: 1, 4, 9, 16 అసొంటివి. 5, 5, 5, 5 ఇస్తే మళ్ళ కొట్లాట. అది ఏపీనే, పదాంతరం 0. జీపీ కూడానే, నిష్పత్తి 1. "రెండు పార్టీలల్ల ఎట్లుంటది మేడం" అన్నడొకడు. ఉంటది నాయినా, మన ఊర్లల్ల లేరా.

సందుల పద్ధతి ఇక్కడా నడుస్తది, కాకపోతే కూడికకు బదులు గుణకారం. రెండో పదం 6, అయిదో పదం 162. మూడు సందుల్లో 27 రెట్లు అయ్యింది. ఏ సంఖ్యను మూడు సార్లు గుణిస్తే 27? మూడు. మొదటి పదం 2. పిల్లలు చేసే తప్పు 27ను 3తో భాగించి 9 అనుడు. ఏపీ అలవాటు.

రెండు శ్రేఢులకు తేడా ఎంతుంటదో చూపియ్యడానికి నేను మిత్తి లెక్క తీసుకుంట. పుస్తకంలో బారువడ్డీ, చక్రవడ్డీ అని ఉంటది. ఊర్లో అట్ల అడగరు, "ఎంత మిత్తి? రెండు రూపాలా, మూడు రూపాలా?" అంటరు. నూటికి నెలకు రెండు రూపాయలు. పదివేలకు నెలకు 200. నెల అయినంక 10,200, రెండో నెల 10,400, ఇట్ల అంకశ్రేఢి. 36 నెలలకు 17,200. ఇక్కడ కూడా సందుల చిక్కు ఉన్నది: 10,000 మొదటి పదం అనుకుంటె మూడేండ్ల లెక్క 37వ పదం అయితది, 10,200 మొదటిదనుకుంటె 36వది. ఏది మొదటి పదమో ముందే రాసుకోవాలె.

ఇంతవరకూ నెమ్మదిగనే ఎక్కుతది. అయితే ప్రామిసరీ నోటు మీద కోర్టుకు పోవాలంటె మూడేండ్లే గడువు. అందుకే గడువు దగ్గర పడంగనే నోటు తిరగ రాయించుకుంటరు. ఇది నేను చెప్పకముందే ఒక పిల్ల చెప్పింది, "అప్పుడు మిత్తి గూడ అసల్ల కలుపుతరు మేడం" అని. ఎవరింటి ముచ్చట అని నేను అడగలే. బోర్డు మీద రాసిన: 10,000. తిరగ రాస్తే 17,200. ఇంకో మూడేండ్లకు దాన్ని 1.72తో గుణిస్తే 29,584. తొమ్మిదేండ్లకు 50,884. నోటు తిరగ రాయకుండ ఉంటె తొమ్మిదేండ్లకు 31,600. మిత్తి రేటు మారలే, రెండు రూపాయలే. నోటు లోపట ఏపీ నడుస్తది, నోటుకు నోటుకు నడుమ జీపీ నడుస్తది. ఆ రోజు క్లాసులో ఎవరూ నవ్వలే. 50,884 అన్న అంకెను చానామంది లెక్కల నోటుబుక్కులో కాకుండ వేరే కాయితం మీద రాసుకొని పోయిండ్రు.

జీపీ మొత్తానికి చదరంగం కథ అందరూ చెప్తరు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇట్ల 64 గడులు. కథ కంటె దాని జవాబు దాచిపెట్టిన తెలుగు పద్యం చెప్పుడు నాకిష్టం. మహావీరాచార్యుని గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన పేర అది ప్రచారంలో ఉన్నది. దాంట్లో అంకెలు లేవు, అంకెల బదులు మాటలున్నయి. శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, రంధ్ర, వియత్, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు. ఇరవై మాటలు.

దీన్ని నేను తెలుగు సారుతోని కలిసి చేయించిన. లెక్కల గంట, తెలుగు గంట కలిపేసుకున్నం. శరం అంటె బాణం, మన్మథునివి అయిదు. శశి ఒకటి. షట్కం ఆరు. సాయకం మళ్ళ బాణమే, అయిదు. రంధ్రాలు తొమ్మిది, ఎందుకో చెప్పంగనే పిల్లలు ఒకటే నవ్వుడు. వియత్ అంటె ఆకాశం, సున్న. నగమూ, భూధరమూ, గిరీ మూడూ కొండలే, ఏడు. అగ్ని మూడు, సముద్రాలు నాలుగు, వేదాలు నాలుగు, తర్కాలు ఆరు. పద్మజుడంటె బ్రహ్మ, ముఖాలు నాలుగు. కుంజరాలు ఎనిమిది దిక్కుల ఏనుగులు. తుహినాంశుడు చంద్రుడే, ఒకటి. ఈ లెక్క కుడి నుంచి ఎడమకు నడుస్తది, అంటె మొదటి మాట ఒకట్ల స్థానం, ఆఖరు మాట అన్నిటికంటె ఎడమ అంకె. రాసి చూస్తే 1,84,46,74,40,73,70,95,51,615.

క్యాలిక్యులేటర్లో ఇంత అంకె పట్టదు. మరి పద్యం నిజమో కాదో పదో తరగతి పిల్ల ఎట్ల తెలుసుకోవాలె? మొత్తాన్ని ఒక లైన్లో రాయించిన: 1, 2, 4, 8 అనుకుంట. దాన్ని రెండింతలు చేసి, ఒక గడి పక్కకు జరిపి, కింద రాయించిన: 2, 4, 8, 16 అనుకుంట. కిందిదాంట్లకెళ్ళి పైది తీసేస్తే నడుమవన్నీ పోయి, పైన మొదటి 1, కింద ఆఖరు పదం, ఈ రెండే మిగుల్తయి. ఆఖరు పదం 2ను 64 సార్లు గుణిస్తే వచ్చేది. కాబట్టి జవాబు దానికంటె ఒకటి తక్కువ. ఇగ 2 ఘాతాల ఆఖరు అంకెలు 2, 4, 8, 6 అని తిరుగుతనే ఉంటయి. 64 నాలుగుతోని పోతది కనుక ఆఖరు అంకె 6, ఒకటి తీస్తే 5. పద్యంలో మొదటి మాట శర. అయిదు! ఎన్ని అంకెలు ఉండాలో కూడా చూసినం: పదిసార్లు రెట్టింపు చేస్తే 1024, అంటె వెయ్యికి కొంచెం ఎక్కువ. అరవై సార్లకు ఒకటి పక్కన పద్దెనిమిది సున్నలు, ఇంకో నాలుగు సార్లకు దానికి పదహారింతలు. ఇరవై అంకెలు. పద్యంలో మాటలు ఇరవై. తెలుగు సారు ఆ రోజంతా మురిసిపోయిండు, పక్క క్లాసులో కూడా చెప్పిండు.

ప్రాక్టీసు కాయితాల సంగతి చెప్పి ఆపుత. గైడులో లెక్కలు అభ్యాసాల వారీగ ఉంటయి. ఎన్‌వ పదం అభ్యాసం కింద అన్నీ ఎన్‌వ పదం లెక్కలే, మొత్తం అభ్యాసం కింద అన్నీ మొత్తాలే. ఏ సూత్రం వెయ్యాలో పైన హెడ్డింగే చెప్తున్నంక పిల్ల ఎంచుకునేదేం ఉన్నది? పరీక్షలో హెడ్డింగ్ ఉండదు. అందుకే నా కాయితాలు కలగాపులగం. ఒక కాయితంలో అయిదే లెక్కలు, రాత్రి ఇంటికి. ఒకే రకంవి ఇరవై చేయించుడు కంటె ఇది నయం అని నా నమ్మకం. అయిదింట్లో ఒకటి తప్పకుండ ఏ శ్రేఢీ కానిది పెడత, గుడ్డిగ సూత్రం వేసేవాళ్ళు దొరికిపోతరు.

ఇంట్లో పదో తరగతి పిల్లలున్నోళ్ళ కోసం ఈ వారం కాయితం ఇక్కడ పెడుతున్న. 200కీ 500కీ నడుమ 9తో శేషం లేకుండా పోయే సంఖ్యలెన్ని? ఒక అంకశ్రేఢిలో మూడో పదం 40, ఎనిమిదో పదం 15, సున్న ఎన్నో పదం? ఎన్ని పదాలు కూడితే మొత్తం అన్నిటికంటె ఎక్కువ వస్తది? 5, 15, 45 అన్న వరుసలో 3645 ఎన్నో పదం? 2, 6, 12, 20, దీని తర్వాత ఏంది, ఇది ఏపీనా, జీపీనా? ఆఖరుది: 36 మీటర్ల చెల్క, సాళ్ళ నడుమ 90 సెంటీమీటర్లు, ఒక ఒడ్డు మీద చింతచెట్టు నీడ పడతదని ఆ పక్క సాలు వేయలే, ఇంకో ఒడ్డు మీద వేసిండ్రు, సాళ్ళెన్ని? రెండో లెక్కలో మొత్తం అడిగిన కాడ రెండు జవాబులు వస్తయి. పిల్లలు ఒకటి కొట్టేస్తే ఎందుకు కొట్టేసిండ్రో అడగండి.